ఎమ్మెల్యే ఆఫీసుకొచ్చే అర్జీలు, డేటా చట్టం: ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

క్యాంపాఫీసు_కుర్చీ

నమస్తే అందరికీ. నేను ఒక ఎమ్మెల్యే గారి క్యాంపాఫీసులో అర్జీలు చూసుకుంటాను. ఏ పార్టీ, ఏ నియోజకవర్గం అని అడగొద్దు, ఇక్కడ దానితో పనిలేదు.

మొన్న ఒకావిడ వచ్చారు. భర్తకి ఆపరేషన్, ఎల్‌వోసీ (ఖర్చు సర్కారు భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కావాలి. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేషన్‌లో ఇంటిపేరు తప్పు పడింది, ఆధార్‌తో కలవట్లేదు. బిల్లింగ్ సెక్షన్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "కొత్త డేటా చట్టం వచ్చింది సార్, పేషెంట్ వివరాలు ఎవరికీ ఫోన్లో చెప్పకూడదు" అని పెట్టేశారు. పేషెంట్ భార్య నా ఎదురుగానే కూర్చున్నారు, కావాలంటే ఆవిడతో మాట్లాడండి అన్నా వినలేదు. చివరికి ఆవిణ్ణే మళ్లీ బస్సెక్కించాల్సి వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం మా మండలాల వాట్సాప్ గ్రూపులో ఒక లీడరు పింఛన్ల కోసమని వరసగా ఆధార్ కార్డుల ఫొటోలు, రెండు సదరం (వైకల్యం) సర్టిఫికెట్లు పడేశాడు. గ్రూపులో రెండొందల మందికి పైనే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నలుగురు బొటనవేలు గుర్తు పెట్టారు, అంతే.

పని జరగాల్సిన చోట చట్టం పేరు చెప్పి తలుపేస్తున్నారు. జాగ్రత్త పడాల్సిన చోట చట్టం ఊసే లేదు. అసలు డీపీడీపీ చట్టం, అదే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మా లాంటి ఆఫీసుని ఏం చేయమంటోంది? తెలిసినవాళ్లు చెప్పండి.

బగ్‌రాజా

ముందు ఆ గ్రూపులోంచి ఆ ఫొటోలు డిలీట్ చేయించండి అన్నా, చర్చ తర్వాత. అయినా సగం మంది ఫోన్లలో ఆటో డౌన్‌లోడ్ అయి గ్యాలరీలో కూర్చుని ఉంటాయి.

నల్లకోటు

వకీలుని. ఇది సలహా కాదు, నాకు అర్థమైనంత చెబుతాను.

చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. డేటా రక్షణ బోర్డుకి సంబంధించినవి, సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణ వెంటనే అమల్లోకి వచ్చేశాయి. నోటీసు, సమ్మతి, భద్రత లాంటి అసలు బాధ్యతలకి ఆ నోటిఫికేషన్ 18 నెలల గడువిచ్చింది, అంటే 2027 మే. కాబట్టి బిల్లింగ్ సెక్షన్ వాళ్లు భయపడుతున్న సెక్షన్లకి ఇంకా గడువుంది. కానీ రోగి రహస్యం కాపాడాలన్నది ఈ చట్టంతో పుట్టిన మాట కాదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. ఫోన్లో ఎవరో "ఎమ్మెల్యే ఆఫీసు నుంచి" అనగానే వివరాలు చెప్పకపోవడంలో తప్పులేదు. "ఆవిడ సంతకంతో ఒక కాగితం పంపండి, చూస్తాం" అని చెప్పకపోవడం తప్పు.

ఇక మీ ఆఫీసు సంగతి. ఈ చట్టానికి వ్యక్తి, కంపెనీ, ప్రభుత్వం అన్న తేడా లేదు. ఇతరుల డేటాని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లెవరైనా దాని కిందికి వస్తారు. సొంత, ఇంటి పనులకి మినహాయింపు ఉంది కానీ అర్జీలు ఇంటి పని కాదు. ఎమ్మెల్యే గారు వస్తారు, ఆయన తరఫున మీరు పనిచేస్తున్నారు.

అయితే చట్టం సాయం చేయడాన్ని ఆపట్లేదు. సెక్షన్ 7(ఏ) చూడండి. ఒక మనిషి ఫలానా పని కోసమని తనంతట తానే వివరాలిచ్చి, వాడొద్దని చెప్పకపోతే, ఆ పని వరకూ వాడుకోవచ్చు. చట్టంలోనే ఉదాహరణ రాశారు: అద్దె ఇల్లు వెతికిపెట్టమని ఒకావిడ బ్రోకర్‌కి మెసేజ్ పెట్టి వివరాలిస్తుంది. అతను ఇల్లు వెతకడానికి ఆ వివరాలు వాడొచ్చు. ఇక అక్కర్లేదని ఆవిడ చెప్పిన క్షణం ఆపేయాలి. మీ అర్జీదారుది కూడా అచ్చం ఇదే పరిస్థితి.

చిక్కు ఎక్కడంటే, 7(ఏ) మీకు వివరాలు వాడుకునే వీలిస్తుంది. అవతలి ఆఫీసు మీకు వివరాలు చెప్పి తీరాలని ఎక్కడా అనదు. ప్రజాప్రతినిధి అనే మాటతో ఈ చట్టంలో ప్రత్యేకమైన దారి ఏదీ లేదు.

ఓటరు_గొంతు

సంక్షేమ పథకాలకి సమ్మతి అక్కర్లేదని ఎక్కడో చదివాను?

నల్లకోటు

అది 7(బి). సబ్సిడీ, ప్రయోజనం, సర్టిఫికెట్, లైసెన్సు ఇవ్వడానికి "రాజ్యం", దాని సంస్థలు డేటా వాడుకోవచ్చు. రాజ్యం అంటే రాజ్యాంగం 12వ అధికరణంలో చెప్పిన అర్థమే. గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ అందులోకి వస్తాయి. అంటే సర్పంచి పంచాయతీ తరఫున చేసే పనికి ఆ నీడ దొరుకుతుంది. ఎమ్మెల్యే క్యాంపాఫీసు దగ్గరికొచ్చేసరికి నాకు అనుమానమే. ఎమ్మెల్యే శాసనసభలో సభ్యుడు, పింఛను మంజూరు చేసే అధికారి కాదు. ఆయన సిఫారసు చేస్తాడు, మంజూరు ఎంపీడీవోదో, కలెక్టర్‌దో. కాబట్టి 7(బి)ని నమ్ముకోవద్దు. 7(ఏ) ఉంది, లేదా నేరుగా సమ్మతి తీసుకోండి.

థేమ్స్_తెలుగు

లండన్ నుంచి. నేను ఇక్కడ ఒక ఎంపీ దగ్గర కేస్‌వర్కర్‌ని, అంటే ఓటర్ల అర్జీలు చూసేదాన్ని. నల్లకోటు గారు చెప్పిన ఆ "ప్రత్యేకమైన దారి" ఇక్కడి చట్టంలో రాసే ఉంది. 2018 నాటి బ్రిటన్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్, షెడ్యూల్ 1, రెండో భాగం, 23, 24 పేరాలు.

23 ఏమంటుందంటే, నా తరఫున ఫలానా పని చేయించండి అని ఓటరు అడిగితే, ఆ పనికి అవసరమైనంత వరకు ఎంపీగానీ కౌన్సిలర్‌గానీ ఆరోగ్యం, మతం లాంటి సున్నితమైన వివరాలు కూడా చూడొచ్చు, ప్రతిసారీ విడిగా స్పష్టమైన సమ్మతి రాయించుకోనక్కర్లేదు. 24 దానికి జోడీ. ప్రతినిధి రాసిన ఉత్తరానికి జవాబుగా ఆసుపత్రో, కౌన్సిలో ఆ వివరాలు చెప్పొచ్చు. మీ బిల్లింగ్ సెక్షన్ సమస్యకి సరిగ్గా ఈ 24 లాంటిది కావాలి.

ఇదీ ఊరికే రాలేదు. ఇక్కడా 1998 చట్టం వచ్చాక ఆఫీసులు ఎంపీలకి జవాబివ్వడానికి జంకాయి. దాంతో 2002లో ప్రజాప్రతినిధుల కోసమే విడిగా ఒక ఆర్డర్ తెచ్చారు. 2018లో దాన్నే కొత్త చట్టంలో కలిపారు.

అలాగని చట్టం ఉంది కదా అని అందరూ వెంటనే చెప్పేస్తారనుకోకండి. "చెప్పొచ్చు" అన్నారు, "చెప్పాలి" అనలేదు. అందుకే మేం ప్రతి కేసుకీ సంతకం చేసిన అనుమతి పత్రం తీసుకుంటాం. చట్టం అడిగినందుకు కాదు, అవతలి క్లర్కుకి ధైర్యం రావడానికి.

క్యాంపాఫీసు_కుర్చీ

ఇది బాగుంది. కానీ మా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది తమ పని మీద రారు. కొడుకు స్కాలర్‌షిప్ అని తండ్రి, అత్తగారి పింఛను అని కోడలు, పక్కింటాయన పట్టా అని ఇంకెవరో. సంతకం ఎవరిది తీసుకోవాలి?

థేమ్స్_తెలుగు

మాకూ రోజూ ఇదే గొడవ. అడిగేది ఒకరు, వివరాలు ఇంకొకరివి. 23వ పేరాలో దీనికి నాలుగు సందర్భాలు రాశారు. ఆ రెండో మనిషి సమ్మతి ఇవ్వగల స్థితిలో లేకపోవడం. వాళ్లని అడగడం సాధ్యమయ్యే పని కాకపోవడం. అడిగితే అసలు పనే చెడిపోయేలా ఉండటం. ఇంకొకరి మేలు కోసం అవసరమై, ఆ మనిషి మాత్రం కారణం లేకుండా కాదనడం. ఈ నాలుగూ కాకపోతే వెళ్లి అడగాల్సిందే.

మూడోది ఎక్కువగా ఇంట్లో హింస కేసుల్లో తగులుతుంది. చెల్లెలు వచ్చి అక్క గురించి చెబుతుంది. అక్క భర్త వివరాలు లేకుండా హౌసింగ్‌కి ఉత్తరం రాయలేం. ఆయన్ని అడిగి రాస్తామా?

ఇంకోటి, ఆమె ఫోన్‌కి మేం తిరిగి ఫోన్ చేయాలన్నా ముందే అడుగుతాం, "ఏ టైములో చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చా, ఎవరైనా ఎత్తితే మేమెవరమని చెప్పాలి" అని. చట్టంలో ఇదంతా లేదు. కానీ ఎంపీ ఆఫీసు నుంచి వచ్చిన ఒక్క మెసేజ్ ఆ ఇంట్లో ఏం రేపుతుందో మాకు తెలుసు.

వార్డు_మెంబరమ్మ

ఈ చివరి మాట చెప్పినందుకు దండం తల్లీ. నేను మున్సిపాలిటీలో కౌన్సిలర్‌ని. ఒంటరి మహిళ పింఛను అర్జీ అంటేనే భర్త వదిలేశాడనో, తనే బయటికొచ్చేసిందనో రాయాలి. ఆ కాగితం పది మంది చేతులు మారుతుంది. మా వార్డులో ఒకామె అర్జీ పెట్టిన సంగతి ఆమె అత్తింటివాళ్లకి రెండు రోజుల్లో తెలిసింది. ఎలా తెలిసిందో ఎవరూ ఒప్పుకోరు. అప్పటినుంచి అలాంటి అర్జీలు నేనే తీసుకుంటున్నా, నేనే వెళ్లి ఇస్తున్నా. అసిస్టెంట్‌కి కూడా ఇవ్వను.

పిల్లల విషయం ఎవరైనా చెప్పండి. ఇంటర్ చదివే పిల్లలు సొంతంగా వచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదంటారు.

నల్లకోటు

మన చట్టంలో 18 ఏళ్లు నిండకపోతే పిల్లల కిందే లెక్క. సెక్షన్ 9 ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అదీ నిర్ధారించుకోదగ్గది. 17 ఏళ్ల పిల్ల వస్తే పని చేసిపెట్టండి, కానీ తండ్రో తల్లో సంతకం పెట్టాక వివరాలు కంప్యూటర్లో ఎక్కించండి. గార్డియన్ ఉన్న దివ్యాంగులకీ ఇదే పద్ధతి.

"కంప్యూటర్లో" అని ఎందుకన్నానంటే ఈ చట్టం డిజిటల్ డేటాకే. మీ రిజిస్టరు పుస్తకంలో పెన్నుతో రాసినంత కాలం దీని కిందికి రాదు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీశారా, వచ్చేసింది.

మూడో మనిషి విషయంలో బ్రిటన్‌లోలా నాలుగు సందర్భాలు మనకి లేవు. ప్రాణానికి ముప్పున్న వైద్య అత్యవసరం 7లోనే విడిగా ఉంది. చట్టబద్ధమైన హక్కునో, క్లెయిమునో సాధించుకోవడానికి అవసరమైన డేటాకి సెక్షన్ 17లో కొంత మినహాయింపు ఉంది. దాన్ని అర్జీలకి వాడొచ్చని వాదించొచ్చు, కోర్టు ఏమంటుందో చూడాలి. కోడలు అత్తగారి కోసం వస్తే అత్తగారి వేలిముద్రో సంతకమో తెమ్మనండి. ఒక పూట ఆలస్యమవుతుంది, అంతే.

ఓటరు_గొంతు

మీరంతా సంతకాల గురించి మాట్లాడుతున్నారు. నేను ఫొటోల గురించి మాట్లాడతా.

మా పిన్నికి క్యాన్సర్. సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు వచ్చింది. ఒక ప్రజాప్రతినిధి చేతుల మీదుగా ఇచ్చారు. మంచిదే, సంతోషించాం. సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో ఫొటో. కింద పిన్ని పేరు, ఊరు, జబ్బు పేరు, డబ్బు ఎంతో. జూమ్ చేస్తే చెక్కు మీది అకౌంట్ నంబరు చదవొచ్చు. జబ్బు సంగతి పెళ్లీడుకొచ్చిన కూతురికి సంబంధాలు చూస్తున్నామని పిన్ని ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రాత్రి ఫోన్లే ఫోన్లు. అందరూ పరామర్శలే. తీసేయమని అడిగితే "మంచి పని చేశాం కదమ్మా, దాచుకోవడం ఎందుకు" అన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఏ సంతకం కాపాడుతుంది దీన్నుంచి?

క్యాంపాఫీసు_కుర్చీ

మీ పిన్నిగారికి జరిగింది అన్యాయమే. కానీ మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. ఫొటో లేకపోతే ఆ పని జరిగినట్టే లెక్కలోకి రాదు. ఎన్నికలప్పుడు "మీ ఎమ్మెల్యే ఏం చేశాడు" అని ఎదుటివాళ్లు అడిగితే చూపించడానికి ఉండాలి. లిస్టు ఇస్తే నమ్మరు, మొహం కనిపిస్తే నమ్ముతారు. చాలామంది లబ్ధిదారులే సార్‌తో ఫొటో కావాలంటారు. వాళ్లే స్టేటస్‌లో పెట్టుకుంటారు.

ఓటరు_గొంతు

వాళ్ల స్టేటస్ వాళ్లిష్టం. మీ పేజీ మీ ఇష్టం కాదు. డబ్బు ముఖ్యమంత్రి సహాయ నిధిది, అంటే జనానిది. చేసింది సిఫారసు. ప్రచారానికి మొహం మాత్రం మా పిన్నిది.

నల్లకోటు

ఈ ఫొటో విషయంలో చట్టం కుర్చీ గారి పక్షాన లేదు. సెక్షన్ 6 సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా, ఫలానా పనికని స్పష్టంగా ఉండాలంటుంది. ఆ పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. టెలిమెడిసిన్ యాప్ వైద్యం కోసం వివరాలకి సమ్మతి అడుగుతూ ఫోన్లోని కాంటాక్టులకి కూడా సమ్మతి తీసుకుంటుంది, మనిషి రెండింటికీ సరేనంటాడు. అయినా వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుంది. చెక్కు ఇవ్వడానికి ఫొటో అవసరం లేదు. చెక్కుతో కలిపి తీసుకున్న "సరే" ఫొటోకి చెల్లదు.

పైగా అడిగే సమయం చూడండి. చెక్కు ఆయన చేతిలో ఉంది, ఈవిడ చెయ్యి చాపింది, కెమెరా ఆన్‌లో ఉంది. అప్పుడు "ఫొటో తీసుకోవచ్చామ్మా" అంటే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

కొన్నింట్లో అయితే నోటిమాట "సరే"తో పోదు, నేరమే అవుతుంది. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72. పిల్లలైతే పోక్సో సెక్షన్ 23. పరామర్శకి వెళ్లి కుటుంబంతో, ఇంటి ముందు దిగిన ఫొటో పెట్టినా గుర్తింపు బయటపడినట్టే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివరాలకి 2017లో విడిగా చట్టమే వచ్చింది. లీడర్లకి ఇవి చెప్పేవాళ్లు పక్కన లేకపోవడమే అసలు జబ్బు.

వార్డు_మెంబరమ్మ

మేం చేసే పద్ధతి చెబుతా. అర్జీ తీసుకునేటప్పుడే అడుగుతాం, పని అయ్యాక ఫొటో వేయొచ్చా అని. అప్పటికి మా చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి మొహమాటం తక్కువ. వద్దంటే అర్జీ మూలన చిన్న గుర్తు. సరేనన్నా జబ్బు పేరు రాయం, చెక్కు వెనక్కి తిప్పి పట్టుకోమంటాం. మొదట్లో మా వాళ్లు సణిగారు. ఇప్పుడు "ఈ నెల ఇంతమందికి సాయం" అని అంకె వేస్తున్నాం, దానికీ లైకులు వస్తున్నాయి.

బూత్_కన్వీనర్

అందరూ తలో రాయి వేస్తున్నారు కాబట్టి నేనూ అడుగుతా. మా ఎమ్మెల్యే దగ్గర సాయం పొందినవాళ్ల ఫోన్ నంబర్లు మా దగ్గరున్నాయి. ఎలక్షన్లలో వాళ్లకి ఫోన్ చేసి "మీకు ఈ పని చేశాం, గుర్తుంచుకోండి" అంటే తప్పేంటి? ఓటరు లిస్టు ఎలక్షన్ కమిషనే పార్టీలకి ఇస్తుంది కదా?

నల్లకోటు

ఓటరు లిస్టు ఇస్తుంది. అందులో ఫోన్ నంబరు ఉండదు, కిడ్నీ జబ్బు ఉండదు, పింఛను రాలేదన్న బాధ ఉండదు. మీరు వాడాలనుకుంటున్నది ఆ లిస్టు కాదు. సాయం కోసం ఇచ్చిన వివరాలు ఓటు కోసం వాడటం వేరే పని, దానికి వేరే సమ్మతి కావాలి. ప్రతినిధి వేరు, పార్టీ వేరు. అర్జీదారు నంబరు ఎమ్మెల్యేకి ఇచ్చింది, బూత్ కమిటీకి కాదు.

థేమ్స్_తెలుగు

మా ఆఫీసులో కేస్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఒకటి, పార్టీ ప్రచార సాఫ్ట్‌వేర్ ఇంకొకటి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఒక్క నంబరు కూడా వెళ్లకూడదు. నా లాగిన్‌తో పార్టీది తెరుచుకోదు. ఇది మంచితనం కాదు, ఎంపీ సొంత భయం. ఇక్కడ ఎంపీనే స్వయంగా డేటా బాధ్యుడు, పార్టీ చేసిన పనికి తన పేరు బయటికొస్తుంది.

బూత్_కన్వీనర్

అక్కడ సాఫ్ట్‌వేర్లున్నాయి. ఇక్కడ పీఏ ఫోనే ఆఫీసు, పీఏ ఫోనే పార్టీ.

బగ్‌రాజా

కన్వీనర్ గారు తెలియకుండానే అసలు సమస్య చెప్పేశారు. చట్టాల గురించి లాయరు గారు చూసుకుంటారు, నేను ఆ ఫోన్ గురించి చెబుతా.

అర్జీలకి విడిగా ఒక నంబరు, ఒక ఫోన్ పెట్టండి. అది ఆఫీసులోనే ఉండాలి. గ్రూపుల్లో కాగితాలు వేయొద్దని, ఆ నంబరుకే పంపమని లీడర్లకి చెప్పండి. ఆధార్ అడగాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ చాలు, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి, ఆధార్ సంస్థ యూఐడీఏఐ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సిఫారసు లేఖకి పన్నెండంకెలూ ఎందుకు? సీఎంఆర్ఎఫ్ (సీఎం రిలీఫ్ ఫండ్) లాంటి చోట పోర్టల్ అడిగితే అప్పుడు నేరుగా అందులో ఎక్కించి మీ దగ్గర కాపీ తీసేయండి. తెలంగాణలో 2024 జూలై నుంచి ఆ అప్లికేషన్లు ఆన్‌లైన్ అయ్యాయి కదా, మళ్లీ పీఏ ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ నిండా స్కానులు ఎందుకు?

గూగుల్ షీట్ వాడే ఆఫీసులు చాలా చూశా. లింకు ఉన్న ఎవరైనా తెరిచేలా పెడతారు, ఆ లింకు గ్రూపులో పంపుతారు. రెండేళ్ల క్రితం మానేసిన ఆపరేటర్‌కి ఇంకా యాక్సెస్ ఉంటుంది. అతను ఇప్పుడు ఎదుటి పార్టీ ఆఫీసులో పనిచేస్తుంటాడు. నవ్వకండి, ఇది నిజంగా చూసిందే.

లాయరు గారు చెప్పిన గడువు దాటాక ఆ షీట్ బయటపడితే చిన్న లీకు, పెద్ద లీకు అన్న తేడా లేదు. బాధితులకీ, బోర్డుకీ ఆలస్యం లేకుండా చెప్పాలి, 72 గంటల్లో బోర్డుకి పూర్తి వివరాలివ్వాలి. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల దాకా.

వార్డు_మెంబరమ్మ

250 కోట్లా! నా గౌరవ వేతనంతో ఎన్ని జన్మలు కట్టాలి బాబూ?

నల్లకోటు

అది గరిష్ఠం, మెంబరమ్మ గారూ. తప్పు తీవ్రత, ఎంతకాలం సాగింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు, ఇవన్నీ బోర్డు చూడాలి. కౌన్సిలర్ మీద 250 కోట్లు వేయరు. టెన్షన్ పడకండి. కానీ పట్టించుకోకుండా కూడా ఉండకండి.

ఆర్టీఐ_తాత

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఇరవై ఏళ్లుగా సమాచార హక్కు దరఖాస్తులు పెడుతున్నవాణ్ణి. మీరందరూ ప్రజాప్రతినిధి చేతిలోంచి జనం డేటాని ఎలా కాపాడాలో మాట్లాడుతున్నారు. ఇదే చట్టం జనం చేతిలోంచి ప్రజాప్రతినిధుల సమాచారాన్ని ఎలా లాక్కుందో ఎవరూ మాట్లాడరేం?

2005 చట్టంలో 8(1)(జె) ఉండేది. వ్యక్తిగత సమాచారం ప్రజా కార్యకలాపానికి సంబంధం లేకపోతేనో, అనవసరంగా ప్రైవసీలోకి చొరబడేదైతేనో ఇవ్వనక్కర్లేదు. పెద్ద ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి. దాని కింద ఒక లైను ఉండేది: పార్లమెంటుకో, శాసనసభకో కాదనలేని సమాచారాన్ని ఏ మనిషికీ కాదనకూడదు. సభలో ఎమ్మెల్యే అడిగితే మంత్రి చెప్పాల్సిందే కదా, అదే నాకూ చెప్పాలి అని నేను ఎన్నిసార్లు రాశానో. 2025 నవంబరులో ఆ లైను, ఆ షరతులు అన్నీ పోయాయి. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అని రెండు మాటలు. అంతే.

ఫలానా ఎమ్మెల్యే సిఫారసుతో సహాయ నిధి డబ్బు ఎవరెవరికి వెళ్లిందని అడిగితే ఇప్పుడు ఒక్క లైన్లో కొట్టేస్తారు. 2024లో తెలంగాణలో నకిలీ ఆసుపత్రి బిల్లులతో ఆ నిధి కాజేశారని సీఐడీ కేసులు పెట్టింది, గుర్తుందా? పేర్లు బయటపెట్టకుండా నకిలీ రోగిని ఎలా పట్టుకుంటారు?

ఓటరు_గొంతు

తాతగారూ, మీరు అడిగే లిస్టులో మా పిన్ని పేరు, జబ్బు ఉంటాయి.

ఆర్టీఐ_తాత

నాకు జబ్బు వద్దమ్మా. ఏ ఆసుపత్రికి, ఏ తేదీన, ఎంత, ఎవరి సిఫారసు. ఇవి చాలు దొంగ బిల్లు పట్టుకోవడానికి. పేషెంట్ పేరు నల్లసిరా కొట్టి ఇవ్వండి, సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 10 ఉన్నదే అందుకు. ఇవ్వగలిగిన ముక్క ఇవ్వరు, మొత్తం కాదంటారు, నా కోపం దాని మీద. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలప్పుడు గ్రామసభలో పేరు పేరునా చదివేవాళ్లం, ఎవరికి ఎన్ని రోజుల కూలి పడిందని. చనిపోయినవాళ్ల పేర్లు అప్పుడే బయటపడ్డాయి.

నల్లకోటు

తాతగారితో ఏకీభవిస్తాను, ఒక చేర్పుతో. 8(2) ఇంకా ఉంది. నష్టం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. సెక్షన్ 4 కింద సబ్సిడీ పథకాల కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలు అడక్కుండానే పెట్టాలన్న నిబంధనా ఉంది. కాకపోతే ఇదివరకు ఎందుకు ఇవ్వరో అధికారి చెప్పాల్సి వచ్చేది, ఇప్పుడు ఎందుకు ఇవ్వాలో మీరు వాదించాలి. ఆ బరువు మారడం చిన్న విషయం కాదు.

మీ ఇద్దరి మధ్యా తగువు లేదని నా ఉద్దేశం. పిన్నిగారిది సాయం కోరిన మనిషి సమాచారం. సిఫారసు చేసింది పదవిలో ఉన్న మనిషి, ఆ సంతకం ఆయన పదవిది. మొదటిది దాచాలి, రెండోది చూపాలి. ప్రస్తుతం మనవాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు: ఫేస్‌బుక్‌లో పిన్నిగారు, ఫైల్లో ఎమ్మెల్యే గారు.

క్యాంపాఫీసు_కుర్చీ

అబ్బో, ఇది మా సార్‌కి చూపించలేను.

ఇంకో సందేహం. సార్ ఓడిపోతే ఈ అర్జీలన్నీ ఏం చేయాలి? 2019లో, 2024లో మారిన ఆఫీసుల్లో ఏం జరిగిందో నాకు తెలుసు, బీరువాలు ఇంటికి పోయాయి. పెండింగ్ పనులున్నవాళ్లు కొత్తాయన దగ్గర మళ్లీ మొదటినుంచి జిరాక్సులు తీశారు.

థేమ్స్_తెలుగు

మేం ఎన్నికలకి ముందే పెండింగ్ కేసులున్న అందరికీ ఉత్తరం రాస్తాం. "ఎంపీ మారితే మీ ఫైలు కొత్తవారికి ఇవ్వమంటారా, మీకు తిరిగిచ్చేయమంటారా" అని. జవాబు రానివి నాశనం చేస్తాం. కొత్త ఎంపీ ఎదుటి పార్టీ అయితే చాలామంది ఇవ్వమనే అంటారు. వాళ్లకి వీసా కావాలి, పార్టీ కాదు.

నల్లకోటు

మనకీ డేటా చట్టం సెక్షన్ 8లో పని తీరాక చెరిపేయాలని ఉంది. పదవి పోయాక ఆ పని తీరినట్టే. ఇంటికి తీసుకెళ్లే హక్కు ఎవరూ ఇవ్వలేదు.

క్యాంపాఫీసు_కుర్చీ

మీ అందరి మాటలూ కలిపి ఒక పేజీ రాశాను. చూసి తప్పులు చెప్పండి.

"నా పేరు ……. నా …… పని గురించి ఎమ్మెల్యే కార్యాలయం …… శాఖతో / ఆసుపత్రితో మాట్లాడటానికి, ఈ అర్జీతో ఇచ్చిన కాగితాలు వాళ్లకి చూపడానికి, వాళ్లు నా వివరాలు ఈ కార్యాలయానికి చెప్పడానికి ఒప్పుకుంటున్నాను. ఈ వివరాలు ఈ పనికి తప్ప పార్టీ పనులకి, ప్రచారానికి వాడరు. వద్దనుకుంటే కింది నంబరుకి మెసేజ్ పెడితే ఆపేస్తారు. పని ముగిశాక నా కాగితాల కాపీలు తీసేస్తారు. నాకు ఫోన్ చేయదగ్గ సమయం: ……. సంతకం / వేలిముద్ర."

చదవలేనివాళ్లకి చదివి వినిపించి, వినిపించినవాళ్లు కూడా సంతకం పెట్టాలని కింద రాశా.

బగ్‌రాజా

సూపర్. "తీసేస్తారు" దగ్గర ఎన్నాళ్లకో రాయండి, లేకపోతే ఎప్పటికీ తీయరు.

నల్లకోటు

"వాళ్లు నా వివరాలు ఈ కార్యాలయానికి చెప్పడానికి" అన్న ముక్కే మీ బిల్లింగ్ సెక్షన్‌కి పనికొచ్చేది. దాన్ని మొదటికి తెచ్చి లావు అక్షరాల్లో పెట్టండి. పేషెంట్ స్పృహలో ఉంటే సంతకం ఆయనదే తీసుకోండి, భార్యది సాక్షిగా.

ఓటరు_గొంతు

ఫొటో సంగతి ఎక్కడ? దానికి విడిగా గడి పెట్టండి. అవును, వద్దు. "వద్దు" అన్నా పని ఆగదని అదే లైన్లో రాయండి.

క్యాంపాఫీసు_కుర్చీ

రాశాను. ప్రింటుకి ఇచ్చేముందు సార్‌కి చూపించాలి. మిగతాదంతా సంతకం పెట్టేస్తారు, ఆ గడి దగ్గరే ఆగుతారు. ఏమన్నారో రేపు చెబుతా.

వార్డు_మెంబరమ్మ

మీ సార్ ఏమన్నా సరే, నాకు మాత్రం ఆ ఫైలు పంపండి. మా మున్సిపాలిటీలో అందరికీ జిరాక్స్ తీయిస్తా.